విశాఖలో క్లినిక్‌లు నడిపే డాక్టర్లకు: బయట గదిలో మూడు కుర్చీలు వేయించండి

విశాఖలో సొంత క్లినిక్‌లు నడుపుతున్న డాక్టరుగార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను మహారాణిపేటలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌లో అసిస్టెంటుని. 2013 నుంచి ఇదే పని. పేషెంట్లు నన్ను సిస్టరమ్మా అంటారు, నర్సమ్మా అంటారు, శ్రీకాకుళం వైపు ముసలమ్మలైతే గుంటా అంటారు, అంటే పిల్లా అని. నేను నర్సింగ్ చదవలేదు. ఇంటర్ అయ్యాక ఒక నర్సింగ్ హోమ్‌లో ఆరు నెలలు పెద్ద సిస్టర్ వెనకాల తిరిగి నేర్చుకున్నదే నా చదువు. మీ దగ్గర కూడా నాలాంటి మనిషి ఒకరు ఉంటారు. మీ గది తలుపు బయట, చిన్న టేబుల్ దగ్గర, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, చేత్తో బీపీ కఫ్ చుడుతూ కనిపిస్తారు. ఆ టేబుల్ గురించే ఈ ఉత్తరం.

జీతాల గురించి కాదు. అది వేరే ఉత్తరం. దానికి ఇంతకంటే ఎక్కువ కాగితం కావాలి.

పొద్దున తొమ్మిదికి ఓపీ అంటే మేం ఎనిమిదికే షటర్ ఎత్తాలి. అప్పటికే మెట్ల మీద పదిమంది కూర్చుని ఉంటారు. 1923లో ఇక్కడ మెడికల్ కాలేజీ పెట్టిన దగ్గర్నుంచీ ఉత్తరాంధ్రలో పెద్ద డాక్టరు అంటే విశాఖే, అందులోనూ పెద్దాసుపత్రి కేజీహెచ్ చుట్టుపక్కల వీధులే. పలాసలోనో పార్వతీపురంలోనో చీకటితో బయల్దేరి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, ఒక టీ తాగి నేరుగా మా మెట్ల మీదికి వస్తారు. నేను తాళం తీస్తుంటే వెనక నుంచి మొదటి ప్రశ్న: "ఏటమ్మా, నా నంబరు ఎప్పుడొస్తాది?"

అప్పటి నుంచి మీరు లోపలికి వచ్చేలోపు చాలా పనులు అయిపోవాలి. టోకెన్ పుస్తకం తెరవాలి, పాత ఫైళ్లు వెతకాలి, రాత్రి వాట్సాప్‌లో వచ్చిన ల్యాబ్ రిపోర్టులు ప్రింటు తీయాలి. సూదుల డబ్బా నిండిందేమో చూడాలి, క్లినిక్ చెత్త వేసే పసుపు సంచి, ఎర్ర సంచి మార్చాలి. ఫ్రిజ్ 2కీ 8 డిగ్రీలకీ మధ్య ఉందో లేదో చూడాలి, అందులో ఎవరైనా పెరుగు డబ్బా పెట్టి మర్చిపోయారేమో కూడా చూడాలి. (నవ్వకండి. మీ ఫ్రిజ్ కూడా ఒకసారి తీసి చూడండి.) హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత కరెంటు లేని ఆ రోజుల్లో ఇన్సులిన్ సీసాలని తడిగుడ్డ చుట్టి కొత్త కుండలో పెట్టి కాపాడింది మేమే. మాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఈ పనుల్లో ఏది ఆలస్యమైనా ఫరవాలేదు. ఫైలు దొరక్కపోతే కొత్తది రాస్తాం. మందుల కంపెనీల రెప్‌లు నలుగురు గోడకి ఆనుకుని "సిస్టర్, రెండు నిమిషాలు చాలు" అంటుంటే నవ్వి ఊరుకుంటాం. కింద మందుల షాపు అబ్బాయి చీటీ పట్టుకుని పైకి వచ్చి "ఇది యాభయ్యా, అయిదా?" అని అడిగితే మీ రాత మేమే చదివి పెడతాం. తొందరపడి చేస్తే మనిషికి దెబ్బ తగిలే పని ఒకటుంది. దాన్నే మేం అన్నిటికంటే తొందరగా చేస్తాం.

ఒక సంగతి చెబుతాను. తప్పు నాదే.

కొన్నేళ్ల క్రితం సంగతి. భీమిలి నుంచి ఒక మామ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది. ఆ రోజు లిఫ్ట్ పనిచేయడం లేదు, రెండో అంతస్తుకి నడిచే ఎక్కింది. ఇంకా రొప్పుతూనే ఉంది, నేను టోకెన్ పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. జాకెట్టు చేతి మీదుగానే కఫ్ చుట్టాను. చేయి పెట్టుకోవడానికి టేబుల్ మీద చోటు లేదు, ఫైళ్లు ఉన్నాయి. చేయి కిందికి వేలాడుతూనే ఉంది. గాలి కొడుతుంటే ఆవిడ మనవడి పెళ్లి గురించి చెబుతోంది, నేను "ఊ, ఊ" అంటున్నాను. మధ్యలో ఫోను మోగితే అది కూడా ఎత్తాను. 178 బై 96. చీటీ మీద రాసి లోపలికి పంపాను. అంతకుముందు రెండుసార్లు కూడా కాస్త ఎక్కువే ఉండటంతో సార్ మాత్ర డోసు పెంచారు.

పదకొండో రోజు కూతురు ఫోన్ చేసింది. తెల్లవారుజామున మంచం మీద నుంచి లేస్తూ కళ్లు తిరిగి పడిపోయిందట, మణికట్టు విరిగిందట. కట్టుతోనే తీసుకొచ్చారు. సార్ ఆవిడని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి తనే బీపీ చూశారు. నిలబడేసరికి బీపీ బాగా పడిపోతోంది. మాత్ర తగ్గించారు. వారం తర్వాత మళ్లీ వస్తే కాసేపు కూర్చోనిచ్చి చూశారు. పాత డోసు మీదే 132 బై 80.

సార్ నన్ను తిట్టలేదు. అందరూ వెళ్లాక అడిగారు, "ఆ రోజు ఎలా చూశావమ్మా?"

"మామూలుగానే సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదు. అది మా మామూలే.

బీపీ చూడటం వచ్చా అంటే మాలో ఎవరైనా వచ్చనే చెబుతారు. చప్పుడు మొదలైన చోట పైనది, ఆగిపోయిన చోట కిందది. 1905లో కొరోట్కోవ్ అనే రష్యా డాక్టరు కనిపెట్టి చెప్పిన చప్పుళ్లట అవి, ఒక ఖాళీ మధ్యాహ్నం మా సారే చెప్పారు. వినడం కష్టం కాదు. వినే ముందు జరగాల్సింది జరగదు. మనిషి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనాలి, పాదాలు నేలకి తగలాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో దేని మీదైనా ఆనాలి, వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. కఫ్ బట్ట మీద కట్టకూడదు. అరగంట ముందు టీ కాఫీలు, పొగ ఉండకూడదు. ఒంటేలు ఆపుకుని కూర్చోకూడదు. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, వాళ్లూ, మేమూ.

ఇవన్నీ మీకు తెలిసినవే, మీ పుస్తకాల్లోవే. మీ గది బయట వీటిలో ఎన్ని జరుగుతున్నాయో మాత్రం మాకు తెలుసు. మాకు ఇచ్చేది స్టూలు, దానికి వీపు ఉండదు. కాస్త పొట్టిగా ఉన్న ఆడవాళ్లకి పాదాలు గాలిలోనే ఉంటాయి. టీ కాంప్లెక్స్ దగ్గరే తాగి వస్తారు. ఇక టాయిలెట్ సంగతి. చాలా క్లినిక్‌లలో దానికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి మా డ్రాయర్లో ఉంటుంది. నలుగురిలో అడగడానికి మొహమాటపడి ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు గంటలకొద్దీ ఆపుకుని కూర్చుంటారు. ఆ నంబరు కూడా మీ ఫైల్లోకి బీపీగానే వస్తుంది.

కఫ్ సంగతి ఇంకోటి. పోర్టులో కళాసీగా చేసిన ఒకాయన మా దగ్గరికి వస్తాడు. నా రెండు చేతుల పిడికిళ్లు కలిపినా ఆయన దండచేయి అంత లావు రాదు. మామూలు కఫ్ చుడితే గాలి సగం ఎక్కగానే పట్టీ టర్రుమని ఊడిపోయేది. నేను ఒక చేత్తో కఫ్‌ని అదిమి పట్టుకుని ఇంకో చేత్తో బల్బు నొక్కేదాన్ని. అలా మూడేళ్లు చూశాను. చిన్న కఫ్ పెద్ద చేయికి కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని నాకు ఆ తర్వాత తెలిసింది. పెద్ద కఫ్ ఖరీదు మీ ఒక సాయంత్రం కన్సల్టేషన్ ఫీజుల్లో ఏ మూలకి? కాని తెప్పించమని మేం అడగం. అడిగితే "ఇన్నాళ్లూ ఎలా చూశావ్?" అంటారని భయం.

షుగరూ అంతే. వేసవిలో ఒకాయన 340 చూపించాడు. కంగారుపడి ఫైలు మీద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. తర్వాత చూస్తే ఆయన వేళ్లు పనసపండు వాసన. దారిలో కొని తొనలు తింటూ వచ్చాడు. సబ్బుతో కడిగించి, ఆరాక ఇంకో వేలికి గుచ్చితే 160 లోపే వచ్చింది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలనుకుంటాం, చాలదు. మన సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. స్ట్రిప్పుల సీసా మూత కాసేపు తెరిచి పెడితే చెమ్మ పట్టేస్తుంది, ఆ తర్వాత ఆ సీసా ఏ నంబరు చెప్పినా నమ్మడానికి లేదు. రద్దీలో మూత ఎవరు పెడతారు?

ఇక నంబర్లలోకి రానివి. నాకు ఇవే ముఖ్యం అనిపిస్తాయి.

జాలారిపేట నుంచి ఒక పెద్దావిడ నోరు మండుతోందని వచ్చింది. మా ఫారంలో "సిగరెట్ అలవాటు ఉందా" అని ఒక గడి ఉంటుంది. అడిగితే "ఛీ, ఆడమనిషిని, సిగరెట్టేటమ్మా" అంది. లేదు అని రాయబోయి ఆగాను. "అడ్డపొగ తాగుతావా మామ్మా?" అన్నాను. "అదా! అదెప్పుడూ ఉన్నదే కదేటి. పొద్దున ఒకటి, చేపలమ్మి వచ్చాక ఒకటి" అంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం ఆవిడ లెక్కలో అలవాటే కాదు. చీటీ వెనక రాసి పంపాను. సార్ టార్చి వేసి అంగిలి చూసి, అప్పుడే పరీక్షకి పంపారు. ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో అంగిలికి వచ్చే క్యాన్సర్‌కీ ఈ అడ్డపొగకీ ఉన్న సంబంధం మీకు నేను చెప్పేదేముంది. మీ ఫారంలో ఆ మాట లేదు, అంతే నేను చెప్పేది.

ఉక్కునగరం వైపు నుంచి ఒక పెద్దాయన గుండె జబ్బుకి వచ్చేవారు. ఎప్పుడూ బెల్టు చెప్పులే, వెనక పట్టీ బిగించుకుని వచ్చేవారు. ఒకరోజు ఆ పట్టీలు విప్పేసి, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చారు. "ఏం బాబాయ్, పట్టీ తెగిందా?" అంటే "తెగలేదమ్మా, పట్టడం లేదు" అన్నారు. వేలితో నొక్కితే పాదం మీద గుంట పడి అలాగే ఉండిపోయింది. బరువు చూస్తే పదిరోజుల్లో మూడు కిలోలు ఎక్కువ. ఆయన టోకెను 31. నేను నాలుగో నంబరు తర్వాత లోపలికి పంపాను. దానికి బయట నాతో పెద్ద గొడవే అయింది, ఒకాయన నా పేరు అడిగి రాసుకున్నాడు కూడా. సార్ ఆ పూటే ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించారు.

నాదేదో గొప్ప అని ఇది రాయడం లేదు. ఆ రోజు ఓపీ పల్చగా ఉంది కాబట్టి నేను ఆయన కాళ్ల వైపు చూశాను. రద్దీగా ఉంటే చూడను. భీమిలి మామ్మ రోజున చూడలేదు కదా.

సారుకి చెప్పకమ్మా అంటూ మాకు చెప్పేవి ఇంకా ఉంటాయి. నెల మందులు రెండు నెలలు వచ్చేలా రోజు విడిచి రోజు వేసుకుంటున్నామని చెబుతారు. ఆయుర్వేదం పొడి కూడా కలిపి వాడుతున్నామని చెబుతారు. కొడుకు డబ్బు పంపలేదని, అందుకే స్కాన్ తీయించలేదని చెబుతారు. మీకు ఎందుకు చెప్పరంటే, కోపగించకండి, మీరు తిడతారు. "మందులు మానేస్తే నా దగ్గరికి ఎందుకు వచ్చావ్" అని మీరు లోపల అన్న మాట బయట కూర్చున్న పాతికమందికీ వినిపిస్తుంది. ఆ తర్వాత ఆ పాతికమందిలో ఒక్కరు కూడా నిజం చెప్పరు. నేనైతే "సారుకి తెలియాలి పిన్నీ, నేను చెప్తాను, తిట్టరులే" అంటాను. సగం మందే ఒప్పుకుంటారు. ఒప్పుకోని సగం మంది సంగతి నా దగ్గరే ఉండిపోతుంది, అది మోయడం నాకు టెన్షనే.

ఇప్పుడు అడిగేది అడుగుతాను. మామ్మ సంగతి జరిగిన తర్వాత మా సారు దగ్గర పట్టుబట్టి సాధించుకున్నదే ఇది.

స్టూలు తీసేసి, వీపూ చేతులూ ఉన్న కుర్చీలు మూడు నా టేబుల్ పక్కన వేయించాం. కొత్తవి కూడా కావు, మేడ మీద దుమ్ము పట్టి ఉన్నవే. పదకొండో నంబరు మీ గదిలో ఉంటే పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఆ కుర్చీల్లో ఉంటారు. బెంచీ మీద కూర్చునే టైములోనే ఇక్కడ కూర్చుంటారు, అదనంగా పోయేది ఏమీ లేదు. వాళ్ల వంతు వచ్చేసరికి అయిదు కాదు, పది నిమిషాలు అయిపోతుంది. అయిదు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలమ్మా అని సార్ మొదట అన్నారు. ఆ టైము బెంచీ మీదే ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు.

మొదటి వారం కుర్చీల కోసం కొట్లాటలు జరిగాయి. ముందు కుర్చీ ఎక్కినవాడే ముందు లోపలికి వెళ్తాడని ఎవరో అన్నారు, అంతే. కుర్చీలకి నంబర్లు అంటించాక సద్దుమణిగింది. సోమవారాలు ఇప్పటికీ సరిగ్గా కుదరదు. అమావాస్య మర్నాడైతే అసలు కుదరదు, ఆగిన వాళ్లంతా ఒకేసారి వస్తారు. ఆ రోజుల్లో తేడాగా అనిపించిన వాళ్లకి చీటీ మీద "మెట్లెక్కి వచ్చారు, మళ్లీ చూడాలి" అని రాస్తాను. అది చాలు, సార్ చేతిలో పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.

రెండోది ఫోను. బీపీ చూసే ఆ నిమిషం ఫోను మోగితే మోగనివ్వమని మీ నోటితో మీరు చెప్పాలి. మేం అనుకుంటే జరగదు. ఎందుకంటే ఆ ఫోను ఒక్కోసారి మీ ఇంటి నుంచే వస్తుంది.

మూడోది చీటీ మీద రెండు గీతల చోటు. పైన పేరు, వయసు, బరువు, బీపీ ఉంటాయి కదా, వాటి కింద "బయట చెప్పినవి" అని రెండు లైన్లు ఖాళీ ఉంచండి. మేం డాక్టర్లం అయిపోవాలని కాదు. రోగం పేరు మేం రాయం. "చెప్పు పట్టీ పట్టడం లేదట", "అడ్డపొగ రోజుకి రెండు", "మాత్ర రోజు విడిచి రోజు" ఇలాంటివే రాస్తాం. చదివి మీరు అడగాల్సింది మీరు అడగండి. అడిగేటప్పుడు మాత్రం "మా అమ్మాయి చెప్పింది" అనకండి, మర్నాటి నుంచి నాతో ఎవరూ మాట్లాడరు.

ఒకటి మా కోసం. సూది గుచ్చుకోని అసిస్టెంటు ఉండదు. నాకు గుచ్చుకున్నప్పుడు ఆ నర్సింగ్ హోమ్‌లో స్పిరిట్ రాసుకోమన్నారు, అంతే. సబ్బుతో కడుక్కుని, వెంటనే పరీక్షలకి, అవసరమైతే మందులకి వెళ్లాలని, దానికి గంటల్లోనే పరుగెత్తాలని నాకు ఆ తర్వాత చాన్నాళ్లకి తెలిసింది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని ఉంది. హెపటైటిస్ బి మూడు డోసులు, ఆరు నెలల్లో అయిపోతుంది. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి, సంచులు ఎత్తే ఆయమ్మకి వేయించారా అని ఇవాళే అడగండి. అవునంటే ఏ నెలలో అని కూడా అడగండి.

భీమిలి మామ్మ ఇప్పటికీ వస్తుంది. మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. రెండో కుర్చీ ఆవిడదే అన్నట్టు వచ్చి కూర్చుంటుంది, చెప్పులు విప్పి పాదాలు నేలకి ఆనిస్తుంది, జాకెట్టు చేయి పైకి మడుస్తుంది. నేను కఫ్ చుట్టబోతే నోటి మీద వేలు వేసుకుని, నాకే సైగ చేస్తుంది.

మీరు రేపు ఓపీకి పది నిమిషాలు ముందు రండి. మెట్లు ఎక్కి, మీ గదిలోకి వెళ్లకుండా, నేరుగా బయట ఉన్న ఆ స్టూలు మీద కూర్చోండి. చేయి ఎక్కడ పెట్టాలో వెతుక్కోండి. మీ అసిస్టెంటుని పిలిచి రోజూ ఎలా చూస్తుందో అలాగే బీపీ చూడమనండి. వచ్చిన నంబరు చీటీ మీద రాయించుకుని లోపలికి తీసుకెళ్లి, దాని మీద మీకు మీరు మందు రాసుకుంటారో లేదో చూడండి.

ఇట్లు,
మహారాణిపేటలో ఒక ఓపీ క్లినిక్ అసిస్టెంటు